సీసం నురగలోకి జింకు ఎక్కుతుంటే: ఒక ఫ్లోటేషన్ కేస్ స్టడీ

ఫ్లోటేషన్ అంటే నూరిన ఖనిజం కలిపిన నీళ్లలోకి గాలి బుడగలు పంపి, కావాల్సిన ఖనిజాన్ని నురగతో తేల్చి తీయడం. సీసం, జింకు కలిసి ఉన్న ముడిఖనిజంలో ముందు సీసాన్ని తేల్చి, జింకును ఆపి ఉంచి, తర్వాత దాన్ని తేల్చడం పాత పద్ధతే. ఆగాల్సిన జింకు ముందే తేలిపోయి సీసం కాన్సంట్రేటులో (తేల్చి తీసిన ఖనిజంలో) కలుస్తోందంటే చాలాచోట్ల వెంటనే డిప్రెసెంటు (ఖనిజం తేలకుండా ఆపే రసాయనం) మోతాదు పెంచుతారు. ఒక్కోసారి అది సరిపోతుంది. ఈ కేసులో సరిపోలేదు. ఎందుకు సరిపోలేదో వెతుకుతూ పోతే, ఏ డిప్రెసెంటు ఏ పని చేయగలదు, ఏది చేయలేదు అన్నది ఒకే ఖనిజంలో విడివిడిగా కనిపించింది. వివరంగా రాయడానికి కారణం అదే. గని, రాష్ట్రం, యజమాని వివరాలు ఇవ్వడం లేదు. అంకెలను దగ్గరి విలువలకు సవరించాం.

నేపథ్యం

నమూనా వచ్చింది హైదరాబాద్ శివారు పారిశ్రామికవాడలో ఉన్న ఒక ఖనిజ పరీక్షల ల్యాబుకు. ఉప్పల్‌లో ఎన్‌ఎండీసీ పరిశోధన కేంద్రం, బేగంపేటలో అణు ఖనిజాల డైరెక్టరేట్, బండ్లగూడలో భారత భూగర్భ సర్వే సంస్థ (జీఎస్‌ఐ) ఉన్న ఊరు ఇది. దేశం నలుమూలల నుంచీ రాళ్లు ఇక్కడికి పరీక్షకు వస్తూనే ఉంటాయి.

ఖనిజంలో సీసం 2.6 శాతం, జింకు 5.4 శాతం, రాగి 0.18 శాతం, ఇనుము 9 శాతం. సీసం అంతా దాదాపు గెలీనా (సీసం సల్ఫైడ్) రూపంలో, జింకు స్ఫాలరైటు (జింకు సల్ఫైడ్) రూపంలో ఉన్నాయి. వాటితోపాటు పైరైటు (ఇనుము సల్ఫైడ్) గట్టిగానే ఉంది, చాల్కోపైరైటు (రాగి, ఇనుము కలిసిన సల్ఫైడ్) కొద్దిగా ఉంది. మిగతాది డోలమైటు, క్వార్ట్జు. కిలో నమూనాలో 26 గ్రాముల సీసం, 54 గ్రాముల జింకు ఉన్నాయన్నమాట. కింద చెప్పే శాతాలన్నీ ఈ రెండు అంకెల మీద లెక్కే.

ఖనిజంతోపాటు ఒక రెసిపీ కూడా వచ్చింది. 80 శాతం 75 మైక్రాన్ల కిందికి దిగేలా నూరడం, సోడా యాష్ (సోడియం కార్బొనేట్) వేసి పీహెచ్ 8.5కు తేవడం, కండిషనింగ్‌లో (తేల్చే ముందు రసాయనాలు కలిపే దశలో) టన్నుకు 800 గ్రాముల జింక్ సల్ఫేట్, 50 గ్రాముల సోడియం సయనైడ్, ఆపైన 40 గ్రాముల సోడియం ఐసోప్రొపైల్ జాంథేట్ (తేలాల్సిన రేణువులకు అంటి వాటిని బుడగలకు పట్టించే కలెక్టర్), నురగకు ఎంఐబీసీ. పుస్తకంలో చూస్తే తప్పు పట్టడానికి ఏమీ లేదు. జింక్ సల్ఫేట్, సయనైడ్ జోడీ 1922 నాటి షెరిడన్, గ్రిస్వోల్డ్ పేటెంట్ల నుంచి వాడుకలో ఉన్నదే.

వచ్చిన సమస్య

రెసిపీని ఉన్నదున్నట్టు చేసి చూస్తే రఫర్ (మొదటి విడత తేల్చిన) కాన్సంట్రేటు బరువు ఖనిజంలో 14 శాతం వచ్చింది. అందులో సీసం 16 శాతం, జింకు 20 శాతం. సీసం రికవరీ (మొత్తం సీసంలో చేతికొచ్చిన వాటా) 86 శాతం బాగానే ఉంది కానీ, మొత్తం జింకులో 52 శాతం కూడా అదే నురగలో వచ్చేసింది. రెండుసార్లు క్లీనింగ్ (ఆ కాన్సంట్రేటునే మళ్లీ తేల్చడం) చేశాక సీసం 41 శాతానికి ఎక్కింది, జింకు 19 దగ్గరే ఉండిపోయింది. సీసం కొనే స్మెల్టర్లు జింకు ఎక్కువైతే ధరలో కోత పెడతాయి. పైగా అలా పోయిన జింకుకు గనికి పైసా రాదు. యజమాని అడిగింది సీసం 60 శాతం, అందులో జింకు 6 శాతం లోపు. వీలైతే సయనైడ్ లేకుండా.

చిన్న గొలుసు జాంథేట్లకు స్ఫాలరైటు దానంతటది సరిగా స్పందించదు. దాని మీద ఏర్పడే జింక్ జాంథేట్ నీళ్లలో కరిగిపోయే రకం, నిలవదు. అంటే ఉపరితలం మారని స్ఫాలరైటు, డిప్రెసెంటు వేయకపోయినా, కొంతవరకు కిందే ఉండాలి. సగానికి పైగా తేలుతోందంటే ముఖ్యంగా రెండే కారణాలు. దాని ఉపరితలం మీద వేరే లోహం చేరి స్వభావం మారిపోయి ఉండాలి. లేదా అది గెలీనాకు అతుక్కుని, దాంతోపాటు పైకి వస్తూ ఉండాలి. మొదటిది రసాయనంతో తీరుతుంది, రెండోది నూరడంతోనే తీరుతుంది. రెండింటినీ విడదీయకుండా మోతాదులు మార్చడం దండగ. అయినా క్లయింటు కోరికమీద మోతాదుల పరీక్షలే ముందు చేశారు. వాటి ఫలితాలు కూడా పనికొచ్చాయి.

మోతాదులు పెంచితే ఏమైంది

బెంచ్ మీద పద్ధతి ఇది. కిలో నమూనాను 600 మిల్లీలీటర్ల నీళ్లతో రాడ్ మిల్లులో నూరి, డెన్వర్ సెల్‌లోకి (ల్యాబులో వాడే చిన్న ఫ్లోటేషన్ తొట్టిలోకి) మార్చి, ఘనపదార్థం 30 శాతం దగ్గర ఉండేలా నీళ్లు కలుపుతారు. జింక్ సల్ఫేట్ 10 శాతం ద్రావణంగా ఉంచితే ఒక మిల్లీలీటరు టన్నుకు 100 గ్రాములతో సమానం. సయనైడ్, జాంథేట్ 1 శాతం ద్రావణాలైతే మిల్లీలీటరుకు 10 గ్రాములు. ఇలా పెట్టుకుంటే లెక్క తప్పదు. జాంథేట్, మెటాబైసల్ఫైట్ ద్రావణాలు మాత్రం ఏ రోజుకు ఆ రోజు కలుపుకోవాలి. నిన్నటి మెటాబైసల్ఫైట్ గాలి తగిలి కొంత సల్ఫేట్ అయిపోయి ఉంటుంది, దాంతో చేసిన పరీక్షను నమ్మలేం.

జింక్ సల్ఫేట్‌ను 800 నుంచి 1500కు పెంచితే నురగలోకి పోయే జింకు 52 నుంచి 46 శాతానికి తగ్గింది. 2500కు పెంచితే 43. అక్కడికొచ్చేసరికి సీసం రికవరీ 86 నుంచి 79కి పడిపోయింది, నురగ బిర్రుగా, బురదగా తయారైంది. క్షార నీటిలో జింక్ సల్ఫేట్ జింక్ హైడ్రాక్సైడ్, కార్బొనేట్ల సన్నటి అవక్షేపంగా విరుగుతుంది. అది స్ఫాలరైటు మీద పూతపడి దాన్ని నీటికి దగ్గర చేస్తుంది. మోతాదు హద్దు మీరితే గెలీనా మీద కూడా అదే పూత పడుతుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ‘జింక్ సల్ఫేట్’ అని మాత్రమే రాసిన రెసిపీ సగం రెసిపీయే. వరి చేలల్లో జింకు లోపానికి మన రైతులు వేసే జింక్ సల్ఫేట్ బస్తా మీద 21 శాతం అనో 33 శాతం అనో స్పష్టంగా ఉంటుంది. మొదటిది ఏడు నీటి అణువులున్న హెప్టాహైడ్రేట్, రెండోది మోనోహైడ్రేట్. టన్నుకు 800 గ్రాముల శుద్ధ హెప్టాహైడ్రేట్‌లో జింకు 180 గ్రాముల చిల్లర. అదే బరువు మోనోహైడ్రేట్‌లో దాదాపు 290. ఎరువుల దుకాణంలో రైతు చూసి కొనే ఈ తేడాను ఫ్లోటేషన్ రిపోర్టుల్లో చాలామంది రాయరు. ఈ కేసులో అంకెలన్నీ హెప్టాహైడ్రేట్ లెక్క.

సయనైడ్‌ను 50 నుంచి 150కి పెంచితే ఫలితం ఇంకాస్త మెరుగైంది. జింకు 38 శాతానికి దిగింది, పైరైటు బాగా ఆగింది. కానీ సీసంతో రావాల్సిన వెండి తగ్గింది, ఎందుకంటే సయనైడ్ వెండిని కరిగిస్తుంది. ఇంకో ఇబ్బంది పీహెచ్‌ది. హైడ్రోసయానిక్ ఆమ్లం (హెచ్‌సీఎన్) పీకేఏ 9.2, అంటే ఆ పీహెచ్ కింద సయనైడ్ ఎక్కువగా ఆ ఆమ్లం రూపంలోనే ఉంటుంది. పల్ప్ (నూరిన ఖనిజం, నీళ్ల గుజ్జు) పీహెచ్ 8.5 దగ్గర ఉంటే వేసిన సయనైడ్‌లో 80 శాతానికి పైగా హెచ్‌సీఎన్ రూపంలోకి వెళ్తుంది. ఆ రూపం డిప్రెసెంటుగా పనికిరాదు, పైగా గాలిలోకి లేస్తుంది, ప్రాణాంతకం. అందుకే ఈ పరీక్షలన్నీ ఫ్యూమ్ హుడ్ కింద, గ్యాస్ డిటెక్టర్ ఆన్‌లో ఉంచి, ఎవరూ ఒంటరిగా ఉండకుండా చూసి చేయించారు. సయనైడ్ నిల్వ ద్రావణాన్ని పీహెచ్ 10.5కు పైనే ఉంచాలి. ఆమ్లం సీసా ఆ బల్ల మీదికే రాకూడదు.

ఈ రెండు వరసల్లో అసలు గమనించాల్సింది ఒకటుంది. సయనైడ్ పెంచితే జింకు కొంత తగ్గి అక్కడితో ఆగిపోయింది. రాగితో చురుకైన స్ఫాలరైటును సయనైడ్ బాగుచేయగలదు. రాగిని గట్టి సంక్లిష్ట అయానుగా మార్చి ఉపరితలం నుంచి లాగేస్తుంది. సీసంతో సయనైడ్ అలా కట్టుబడదు. కాబట్టి సయనైడ్‌కు లొంగిన భాగం రాగి వల్ల తేలుతున్నది, లొంగని భాగం సీసం వల్లనో, అతుకుల వల్లనో తేలుతున్నది అని అనుమానించడానికి ఆధారం దొరికింది.

ఎక్కడుందో కనుక్కోవడం

మొదట మైక్రోస్కోపు. రఫర్ కాన్సంట్రేటును రెసిన్‌లో పోసి, పాలిష్ చేసి, ప్రతిఫలన కాంతిలో చూశారు. గెలీనా తెల్లగా, మూడు కోణాల గుంటలతో గుర్తుపట్టేలా ఉంటుంది. స్ఫాలరైటు మట్టి బూడిద రంగు, చాల్కోపైరైటు ఇత్తడి పసుపు. పాయింట్ కౌంటింగ్‌లో (మైక్రోస్కోపు కింద బిందువు బిందువుగా లెక్కపెట్టడంలో) స్ఫాలరైటులో సుమారు 70 శాతం విడి రేణువులుగా, 18 శాతం గెలీనాకు అతుక్కుని, మిగతాది చాల్కోపైరైటు చుక్కలతో, పైరైటుతో కలిసి కనిపించింది. ఖరీదైన ఆటోమేటెడ్ మినరాలజీ యంత్రం లేకపోయినా ఈ ప్రశ్నకు ఇంతే చాలు.

ఆ 30 శాతం అతుకుల లెక్క కట్టండి. నురగలోకి వచ్చిన జింకు 28 గ్రాములు, అందులో 8.4 గ్రాములు అతుకుల్లో. అంటే మొత్తం జింకులో 15.5 శాతం. ఈ నూరుడు దగ్గర ఎలాంటి డిప్రెసెంటు వేసినా రఫర్‌లో జింకు దీని కిందికి దిగడం కష్టం. ఈ హద్దు తెలిస్తే రఫర్ దశలో ఎక్కడ ఆగాలో కూడా తెలుస్తుంది.

రెండోది ఈడీటీఏ (లోహ అయాన్లను పట్టుకుని కరిగించే రసాయనం) పరీక్ష. మిల్లు నుంచి వచ్చిన పల్ప్‌లో కొంత తీసి, పీహెచ్ 7.5కు సరిచేసిన 3 శాతం ఈడీటీఏ ద్రావణంలో 5 నిమిషాలు కలిపి, సన్న ఫిల్టర్‌లో వడకట్టి, కరిగిన సీసం, రాగి, ఇనుములను ఏఏఎస్ (అటామిక్ అబ్సార్ప్షన్ యంత్రం) మీద కొలుస్తారు. ఈడీటీఏ సల్ఫైడ్‌ను కదిలించదు, దాని మీద ఏర్పడిన తుప్పును మాత్రమే కరిగిస్తుంది. మొత్తం సీసంలో 11 శాతం అలా బయటపడింది, రాగిలో 6 శాతం. అదే గని నుంచి కొత్తగా తెప్పించిన డ్రిల్ కోర్‌ను (డ్రిల్లింగ్‌లో తీసిన రాతి కడ్డీని) అప్పటికప్పుడు నూరి చేస్తే సీసం 2.5 శాతమే.

నమూనా చరిత్ర అడిగితే కారణం తెలిసింది. 1.7 మిల్లీమీటర్లకు చితక్కొట్టిన ఖనిజం గోనె సంచుల్లో, రేకుల షెడ్డులో, ఎండాకాలం మొత్తం గడిపి తొలకరి తేమ కూడా తిని ల్యాబుకు వచ్చింది. పైరైటు ఉన్న సల్ఫైడ్ ఖనిజాన్ని మే నెల వేడికీ, జూన్ తేమకూ అలా వదిలేస్తే గెలీనా ఆక్సీకరణం చెంది సీసం సల్ఫేట్, కార్బొనేట్లు ఏర్పడతాయి. మిల్లులో నీళ్లు పడగానే వాటి నుంచి సీసం అయాన్లు వచ్చి కొత్తగా విరిగిన స్ఫాలరైటు ముఖాల మీద చేరుతాయి. అప్పటి నుంచి జాంథేట్‌కు ఆ రేణువుకూ గెలీనాకూ పెద్ద తేడా కనపడదు.

నీళ్ల గొడవ

రసాయనం సర్దే ముందు ఇంకో అడ్డంకి తొలగించాల్సి వచ్చింది. ఒకే పరీక్షను మళ్లీ చేస్తే జింకు నాలుగైదు శాతం అటూ ఇటూ ఊగుతోంది. సోడా యాష్ ఒకరోజు సరిపోతుంది, మరోరోజు అదే మోతాదుకు పీహెచ్ 8 దాటదు. కుళాయి నీళ్లు తగ్గి ట్యాంకర్ నీళ్లు, బోరు నీళ్లు కలిపి వాడుతున్నారని తేలింది. బోరు నీటి గట్టితనం కాల్షియం కార్బొనేట్ లెక్కన లీటరుకు 500 మిల్లీగ్రాములు. ఆ కాల్షియాన్ని అవక్షేపించడానికే లీటరుకు 530 మిల్లీగ్రాముల సోడా యాష్ పోతుంది. కిలో ఖనిజానికి సెల్‌లో 2.3 లీటర్ల నీళ్లున్నాయి కాబట్టి టన్నుకు 1.2 కిలోల పైచిలుకు సోడా యాష్ నీళ్ల కోసమే ఖర్చు. కుళాయి నీళ్లకైతే అందులో కొద్ది భాగమే పోతుంది. డిప్రెసెంట్ల మీద ఎంత జాగ్రత్త పడ్డా, కార్బొనేట్ ఎంత మిగిలిందో తెలియకపోతే ఫలితాలు పోల్చలేం. ఆ తర్వాత పరీక్షలన్నీ ఒకే డ్రమ్ములో పట్టి ఉంచిన కుళాయి నీళ్లతో, చివరి పరీక్షలు గని దగ్గర నుంచి తెప్పించిన నీళ్లతో చేశారు.

పని చేసింది

కొత్త కోర్‌ను చితక్కొట్టి, కిలో కిలో సంచులుగా పంచి, నైట్రోజన్ పట్టించి, సీలు వేసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టారు. పాత రెసిపీనే ఈ నమూనా మీద చేస్తే నురగలోకి పోయే జింకు 52 నుంచి 34 శాతానికి తగ్గింది. రసాయనాలు ఏవీ మార్చలేదు. సమస్యలో పెద్ద వాటా నమూనా నిల్వదే అని ఇక్కడ రుజువైంది. అయినా ఇక్కడితో ఆగితే గనికి అన్యాయం జరుగుతుంది. గని పైభాగంలో ఖనిజం కొంత ఆక్సీకరణం చెందినదే, ప్లాంటు ముందు కుప్పపోసిన ఖనిజం వర్షాకాలంలో వారాల తరబడి తడుస్తుంది. అందుకని కొత్త నమూనాతోపాటు పాతదాన్నీ ప్రతి మార్పుకూ పక్కపక్కనే పరీక్షించారు.

మొదటి మార్పు, డిప్రెసెంట్లు వేసే చోటు. సోడా యాష్, జింక్ సల్ఫేట్ రెండింటినీ కండిషనింగ్ నుంచి తీసి మిల్లులోకే మార్చారు. స్ఫాలరైటు మీద సీసం చేరడం మొదలయ్యేది మిల్లులో, రాయి విరిగిన మరుక్షణం నుంచి. దాని తర్వాత కండిషనింగ్ ట్యాంకులో జింక్ సల్ఫేట్ పోయడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

ఈ మార్పు ఎందుకు పని చేస్తుందో లెక్కలోనే ఉంది. స్ఫాలరైటు ఉపరితలంలోని జింకు స్థానంలో సీసం చేరే చర్యకు సమతాస్థిరాంకం వెయ్యి దరిదాపుల్లో ఉంటుంది. అంటే నీళ్లలో జింకు అయాన్లు సీసం అయాన్ల కంటే వెయ్యి రెట్లు ఎక్కువ ఉంచగలిగితే సీసం చేరదు. సోడా యాష్ కార్బొనేట్‌గా సీసాన్ని అవక్షేపించి ఒకవైపు జింకు/సీసం నిష్పత్తిలో హారాన్ని తగ్గిస్తుంది, జింక్ సల్ఫేట్ మరోవైపు లవాన్ని పెంచుతుంది. రాగి విషయంలో ఇదే స్థిరాంకం వేల కోట్లలో ఉంటుంది. ఎంత జింక్ సల్ఫేట్ పోసినా రాగిని ఆపలేం. అందుకే ఆ జోడీలో జింక్ సల్ఫేట్ సీసానికి, సయనైడ్ రాగికి. ఒకటి చేయాల్సిన పని ఇంకొకటి చేయదు. ఇదే కారణంగా సోడా యాష్ బదులు సున్నం వాడమని ఎవరైనా అంటే ఒప్పుకోకూడదు. సున్నం పీహెచ్ పెంచుతుంది కానీ కార్బొనేట్ ఇవ్వదు. పైగా పీహెచ్ 9 దాటితే కరిగి ఉండాల్సిన జింకు హైడ్రాక్సైడ్‌గా పడిపోతుంది.

మిల్లులో సోడా యాష్ 1200, జింక్ సల్ఫేట్ 900 గ్రాములు వేసి పీహెచ్ 8.2 నుంచి 8.5 మధ్య ఉంచితే, కొత్త నమూనాలో జింకు 26 శాతానికి వచ్చింది. సీసం రికవరీ కదల్లేదు.

మిగిలిన రాగి భాగానికి సయనైడ్ బదులు సోడియం మెటాబైసల్ఫైట్ చూశారు. మిల్లులోనే టన్నుకు 500 గ్రాములు. దాని సల్ఫైట్ నీళ్లలోని ఆక్సిజన్‌ను తినేసి ఆక్సీకరణను తగ్గిస్తుంది, చురుకైన స్ఫాలరైటు మీద జాంథేట్ నిలవకుండా చేస్తుంది. ఇది పీహెచ్‌ను కిందికి లాగుతుంది కాబట్టి సోడా యాష్ 1500 దాకా పెంచాలి. 900 గ్రాముల దగ్గర గెలీనా కూడా నెమ్మదించింది, అందుకని 500 దగ్గరే ఆగారు. జాంథేట్ తీసేసి ఏరోఫిన్ 3418ఏ రకం డైథయోఫాస్ఫినేట్ అనే మరో కలెక్టర్‌ను మొత్తం 18 గ్రాములు, మూడు విడతలుగా, నురగ తేలిపోయే కొద్దీ వేశారు. కలెక్టర్‌ను ఒకేసారి పోస్తే గెలీనాకు పోగా మిగిలింది స్ఫాలరైటును వెతుక్కుంటుంది. డిప్రెసెంటు తక్కువైందని అనుకునే చాలా కేసుల్లో అసలు తప్పు కలెక్టర్ ఎక్కువ కావడం. దీన్ని ముందు చూడాలని గట్టిగా అంటాం.

రఫర్ కాన్సంట్రేటు బరువు 9 శాతానికి తగ్గింది. సీసం 25 శాతం, రికవరీ 87. జింకు పోవడం 21 శాతం. పాత నమూనాలో అదే 26. అతుకుల హద్దు 15.5 అని ముందే తెలుసు కాబట్టి రఫర్‌తో ఇక కుస్తీ పట్టలేదు. రీగ్రైండింగ్ (కాన్సంట్రేటును మళ్లీ సన్నగా నూరడం) మొదలుపెట్టారు.

రఫర్ కాన్సంట్రేటును 80 శాతం 28 మైక్రాన్ల కిందికి నూరి, ఏమీ వేయకుండా క్లీనింగ్ చేస్తే ఫలితం నిరాశ కలిగించింది. జింకు 12 శాతం దగ్గరే ఉంది. రీగ్రైండింగ్ కూడా నూరడమే, అతుకులు విడిపోయిన ప్రతిచోటా కొత్త స్ఫాలరైటు ముఖం గెలీనా మధ్యలో పుడుతుంది. మిల్లులో డిప్రెసెంటు ఎందుకు ఉండాలో రీగ్రైండ్ మిల్లులోనూ అందుకే ఉండాలి. అందులో జింక్ సల్ఫేట్ 200, మెటాబైసల్ఫైట్ 150 వేసి, ఇనుప గుళ్ల బదులు సిరామిక్ గుళ్లు వాడి, మూడుసార్లు క్లీనింగ్ చేస్తే కథ మారింది. చివరి క్లీనర్‌లో పల్ప్ పలచగా, 12 శాతం ఘనపదార్థంతో నడపడం కూడా కలిసొచ్చింది. ఇంత సన్న రేణువులు ఉపరితల స్వభావంతో పనిలేకుండా బుడగల మధ్య నీళ్లతోపాటు నురగలోకి ఎక్కేస్తాయి. వాటిని డిప్రెసెంటు ఆపలేదు, పలచన, నురగ కడగడం ఆపుతాయి.

గని నీళ్లతో చేసిన లాక్డ్ సైకిల్ పరీక్షలో (ప్లాంటులోలా మధ్యలో మిగిలినవాటిని తర్వాతి విడతలో కలిపి చేసే పరీక్షలో) సీసం కాన్సంట్రేటులో సీసం 61 శాతం, జింకు 5.8 శాతం, సీసం రికవరీ 82 శాతం వచ్చాయి. మొదట్లో సీసం కాన్సంట్రేటులోకి 16 శాతం జింకు పోయేది, ఇప్పుడు 4 శాతం లోపే. సయనైడ్ సున్నా.

జింకు సర్క్యూట్ మీద దీని ప్రభావం

సీసం దగ్గర వేసిన ప్రతి గ్రాము డిప్రెసెంటుకు జింకు దగ్గర బదులు చెల్లించాలి. ఆపిన స్ఫాలరైటును మళ్లీ లేపడానికి సున్నంతో పీహెచ్ 10.8కు తెచ్చి పైరైటును అణచి, కాపర్ సల్ఫేట్ వేసి, ఐదు నిమిషాలు ఆగి, ఆ తర్వాతే జాంథేట్ వేశారు. ఈ వరస మారిస్తే కాపర్ జాంథేట్ నీళ్లలోనే పడిపోతుంది. కాపర్ సల్ఫేట్ టన్నుకు 450 గ్రాములు సరిపోయింది. జింక్ సల్ఫేట్‌ను 1500 ఉంచిన ప్రయోగంలో అదే జింకు రికవరీకి 600 పైనే పట్టింది. ఖర్చు లెక్క వేసేటప్పుడు సీసం సర్క్యూట్‌ను ఒంటరిగా చూస్తే ఈ 150 గ్రాములు ఎవరి ఖాతాలోనూ కనపడవు. చివరికి జింకు కాన్సంట్రేటు 52 శాతం, రికవరీ 85 శాతం.

ప్లాంటుకు ఇచ్చిన సూచనల్లో వాళ్లు మొదట అనుమానించినవి రెండు. రియేజెంట్ డోసింగ్ పంపును మిల్లు ఫీడ్ చ్యూట్ దగ్గరికి మార్చడం ఒకటి. అక్కడ పైపు తరచూ గట్టికట్టి మూసుకుపోతుంది కాబట్టి జింక్ సల్ఫేట్‌కూ సోడా యాష్‌కూ వేర్వేరు పైపులు పెట్టాలి, రెండూ కలిసే చోట జింక్ కార్బొనేట్ గడ్డ కట్టి పైపు పూడిపోతుంది. రెండోది, మిల్లు డిశ్చార్జి మీద రోజుకొకసారి ఈడీటీఏ పరీక్ష. అందులో సీసం 7 శాతం దాటితే డిప్రెసెంటు జోలికి పోకుండా కుప్ప ఖనిజం వాటా తగ్గించి గని నుంచి నేరుగా వచ్చిన ఖనిజం కలపాలి. 4 శాతం లోపు ఉండి కూడా జింకు ఎక్కుతుంటే ముందు కలెక్టర్ పంపును, ఆ తర్వాత రీగ్రైండ్ సైజును చూడాలి. జింక్ సల్ఫేట్ వాల్వు ఆ వరసలో చివర వస్తుంది.